"ఒకరినొకరు" అను మాట: యోహాను ప్రేమాజ్ఞను మనము బోధించు తీరుపై ఒక విమర్శ

యోహాను సువార్త 13వ అధ్యాయములోని క్రొత్త ఆజ్ఞ మన సంఘములలో తరచుగా వినబడే ప్రసంగాంశము. యువజన సదస్సులో అదే, స్త్రీల మైత్రి కూటములో అదే, సంఘపెద్దల మధ్య తగాదా వచ్చిన మరుసటి ఆదివారము తప్పక అదే. ప్రసంగ తరగతులలో విద్యార్థుల నుండి, సెలవులలో వెళ్ళిన సంఘములలో కాపరుల నుండి ఈ అంశముపై మేము విన్నవి దాదాపు అన్నీ ఒకే బాటలో నడుస్తాయి. గ్రీకు భాషలో ప్రేమకు నాలుగు పదములున్నవని ప్రసంగము మొదలవుతుంది. వాటిలో అగాపే అన్నిటికంటె ఉన్నతమైనదని, అది దేవుని ప్రేమ అని, ప్రతిఫలము ఆశించక ఇచ్చుటయే దాని స్వభావమని వివరణ సాగుతుంది. కాబట్టి మనము కూడ ఇవ్వాలి అనే హెచ్చరికతో, బీదలకు దుప్పట్లు పంచే కార్యక్రమ ప్రకటనతో ముగుస్తుంది. దుప్పట్లు పంచడము మంచిదే. డిసెంబరు చలిలో దుప్పటి అందుకొన్నవారెవరూ దానిని తక్కువ చేసి మాట్లాడరు. అయితే ఈ బాటలో నడిచేటప్పుడు ఆజ్ఞలోని ఒక ముఖ్యమైన మాట చేతిలోనుండి జారిపోతున్నదని మా అభిప్రాయము. ఆ మాట "ఒకరినొకరు".

ముందుగా ఆ నాలుగు పదముల సంగతి. ఈ విభజన మన వేదికలపైకి ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకముల ద్వారా వచ్చింది. సి.ఎస్. లూయిస్ 1960లో ప్రచురించిన 'ద ఫోర్ లవ్స్' అందులో ఒకటి. లూయిస్ వ్రాసినది ప్రేమానుభవమును గూర్చిన చింతన. గ్రీకు నిఘంటువు కాదు. క్రొత్త నిబంధనలో ఎరోస్ అను పదము ఒక్కసారి కూడ లేదు. స్తోర్గే అను పదము ఒంటరిగా ఎక్కడా రాదు. రోమా 1:31, 12:10, 2 తిమోతి 3:3లలో సమాసములలో మాత్రమే దాని జాడ ఉంది. ఇక మిగిలినవి రెండు: అగాపే, ఫిలియా కుటుంబములు. అగాపే దైవిక ప్రేమ, ఫిలియా మానవ స్నేహము అని ఈ రెండింటి మధ్య గోడ కట్టవచ్చునా? తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడని యోహాను 3:35లో అగపావో క్రియతో చెప్పిన సువార్తికుడు, 5:20లో అదే సంగతిని ఫిలేయో క్రియతో చెప్పాడు. యేసు ప్రేమించిన శిష్యుని గూర్చి 13:23లో ఒక క్రియ, 20:2లో మరొకటి. ప్రభువును ప్రేమింపనివానిపై 1 కొరింథీ 16:22లో పౌలు పలికిన శాపములో ఉన్నది ఫిలేయో. మరొక వైపు, మనుష్యులు చీకటిని ప్రేమించారని యోహాను 3:19 చెప్పేటప్పుడు వాడినది అగపావో. ఇహలోకమును ప్రేమించి పౌలును విడిచిపోయిన దేమా ప్రేమ అగపావోయే. సమాజమందిరములలో అగ్రపీఠములను పరిసయ్యులు ప్రేమించినది కూడ (లూకా 11:43) అగపావోతోనే. వేదికపై ముందు వరుస కుర్చీలలో కూర్చొనే మనవంటివారు ఈ వచనమును మూలములో ఒకసారి చదువుకొనుట మేలు. పాత నిబంధన గ్రీకు అనువాదములో అమ్నోను తామారుపై పెంచుకొన్న కోరికకు కూడ అదే మాట వాడబడింది.

ఒక పదములో ఒక సిద్ధాంతమును మొత్తము కూర్చివేయడము ఎంత ప్రమాదమో జేమ్స్ బార్ 1961లోనే చూపించాడు. ఆయన పుస్తకము మన గ్రంథాలయములలో ఉంది గాని ప్రసంగ వేదిక వరకు ఇంకా నడిచి రాలేదు. మన పాత తెలుగు అనువాదకులు ఈ విషయములో మనకంటె జాగ్రత్తగా ఉన్నారు. యోహాను 21వ అధ్యాయములో పేతురుతో జరిగిన సంభాషణలో గ్రీకు క్రియలు మారుతున్నా, వారు అన్నిచోట్ల "ప్రేమించు" అనే ఉంచారు. అది లోపమని చాలామంది బోధకులు చెప్పగా విన్నాము. లోపము కాదని మా అభిప్రాయము.

అగాపేకు "ప్రతిఫలము కోరని, ఎదుటివాని విలువతో పనిలేని, పైనుండి క్రిందికి దిగే ప్రేమ" అనే నిర్వచనమును స్థిరపరచినవాడు స్వీడన్ వేదాంతి ఆండర్స్ నీగ్రెన్. ఆయన గ్రంథము రెండు భాగములుగా 1930లో, 1936లో వెలువడింది. దేవుని కృపను గూర్చి ఆయన చెప్పదలచినది బలమైనదే. కాని ఆ నిర్వచనమును అట్లే సంఘ జీవితమునకు తెస్తే ఏమి జరుగుతుంది? దేవుడు నాపట్ల ఉన్నట్లు నేను నా పొరుగువానిపట్ల పైన నిలబడతాను. నేను ఇస్తాను, అతడు పుచ్చుకొంటాడు. అతడు నాకు ఏమియు ఇవ్వనక్కరలేదు. ఇంకా చెప్పాలంటే, ఇవ్వకపోతేనే నా ప్రేమ స్వచ్ఛమైనది! యోహాను రచనలలోని ప్రేమ తన నిర్వచనములో చక్కగా ఇమడలేదని నీగ్రెన్ కూడ గ్రహించాడు. ఎందుకు ఇమడలేదో ఆయన మరికొంత సేపు ఆలోచించి ఉంటే బాగుండేది.

ఎందుకంటే యోహాను ఆజ్ఞలో అగపావో ఒంటరిగా నిలబడలేదు. దాని ప్రక్కన అల్లేలూస్ ఉంది. సువార్తలో 13:34, 35, 15:12, 17, మొదటి పత్రికలో 3:11, 23, 4:7, 11, 12, రెండవ పత్రికలో 5వ వచనము: ఇన్నిసార్లు ఈ జంట కలిసే కనబడుతుంది. గ్రీకులో అల్లేలూస్ అను సర్వనామమునకు ప్రథమా విభక్తి రూపము లేదు. మన తెలుగు మాటలోనైతే రెండు విభక్తులు ప్రక్కప్రక్కనే ఉన్నాయి: "ఒకరిని" ద్వితీయ, "ఒకరు" ప్రథమ. ప్రేమింపబడువాడు, ప్రేమించువాడు ఒకే మాటలో ఉన్నారు. పైగా ప్రేమింపబడువాడే ముందు వస్తాడు. వ్యాకరణము నుండి వేదాంతము లాగుతున్నారని మమ్మును ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఒప్పుకొంటాము. అయితే వాక్యభాగమే ఈ క్రమమును చూపుతోంది. ఆజ్ఞ రాకముందు ఆ అధ్యాయములో పాదములు కడుగుట ఉంది. అందులో పేతురు కష్టము కడుగుట కాదు, కడిగించుకొనుట (13:8). శిష్యులు ఒకరి పాదములను ఒకరు కడుగవలెనని చెప్పిన 13:14లో కూడ అదే సర్వనామము షష్ఠిలో ఉంది. మన సంఘములలో శ్రమల వారపు గురువారము రాత్రి కాపరి పన్నెండుమంది పాదములను కడుగుతాడు. వారు ఇంటివద్ద సబ్బుతో శుభ్రముగా కడుగుకొనే వస్తారు, అది వేరే సంగతి. కాపరి పాదములు ఎవరు కడుగుతారు అనే ప్రశ్న మా తరగతిలో వచ్చినప్పుడు విద్యార్థులు నవ్వారు. వాక్యము ప్రకారము అది నవ్వవలసిన ప్రశ్న కాదు.

ఇచ్చుట వేరు, ఒకరినొకరు ప్రేమించుట వేరు అని క్రైస్తవ లోకము ఎదుట నిలబడి చెప్పినవాడు ఒకడు మన తెలుగు సంఘ చరిత్రలోనే ఉన్నాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య పుట్టుకతో తమిళుడు. 1909లో మిషనరీగా నిజాము రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చాడు, తెలుగు నేర్చుకొన్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడయ్యాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1910 జూన్‌లో ఎడింబరో మిషనరీ మహాసభలో మాట్లాడవలసినదిగా ఆయనకు పిలుపు వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరములు. సభలో 1,200 మందికి పైగా ప్రతినిధులు. ఆసియా దేశస్థులు బహు కొద్దిమంది. విదేశ మిషనరీలకు, స్వదేశ సేవకులకు మధ్య సహకారము ఆయనకిచ్చిన అంశము.

ఆయన చెప్పినదాని సారము ఇది. మిషనరీల త్యాగమును భారత సంఘము ఎన్నడూ మరచిపోదు. వారు తమ ఆస్తిని బీదలకిచ్చారు, తమ శరీరములను కూడ అప్పగించారు. ఇప్పుడు మేము అడుగుచున్నది ప్రేమ. మాకు స్నేహితులను ఇవ్వండి. దీనికి ముందు ఆయన ఇంకొక మాట చెప్పాడు. తిరిగి దర్శించుట, కరచాలనము, కూర్చొనుటకు కుర్చీ, భోజనము, తేనీరు అనేవాటిని వాటి కొరకే తాను అడగడము లేదని, స్నేహభావమునకు అవి గురుతులైతే మాత్రము అవన్నీ, అంతకంటె ఎక్కువ కూడ కావాలని. సభలో చాలామందికి ఈ మాటలు రుచించలేదు. త్యాగము చేసినవారికి ప్రేమ లేదనడము వారిని నొప్పించింది. సరిగా ఆ నొప్పిలోనే అజరయ్య వాదన బలము ఉంది. ఆయన 1 కొరింథీ 13:3ను ఆధారము చేసుకొన్నాడు. పౌలు కూడ ఆ వచనములో త్యాగమును ప్రేమనుండి విడదీసి చూపాడు. ఈ వచనములో "కాల్చబడుటకు" అనే చోట P46, సీనాయి, వాటికన్ ప్రతులలో "అతిశయించుటకు" అని ఉంది. ఆ పాఠమును తీసుకొంటే అజరయ్య మాట ఇంకా పదునెక్కుతుంది. మనము ఈ అధ్యాయమును పెండ్లిండ్లలో చదివి, ఆ వచనమును కొంచెము త్వరగా దాటిపోతాము.

అజరయ్య చేసిన వ్యాఖ్యానములో ఒక అడుగును మనము గమనించవలెను. పౌలు "ప్రేమ" అన్నచోట ఆయన "స్నేహితులు" అన్నాడు. నీగ్రెన్ కొలమానములో ఇది మెట్టు దిగడము. యోహానులో మాత్రము కాదు. యోహాను 15:13లో అన్నిటికంటె గొప్పదైన అగాపే ఎవరికొరకు ప్రాణము పెడుతుంది? ఫిలోయ్ కొరకు, అనగా స్నేహితుల కొరకు. మనము గోడకు అటూ ఇటూ పెట్టిన రెండు మాటలు అక్కడ ఒకే వాక్యములో ఉన్నాయి. తరువాత 15:15లో యేసు శిష్యులను దాసులని పిలుచుట మాని స్నేహితులని పిలుస్తాడు. కారణము కూడ చెబుతాడు. యజమానుడు చేయునది దాసునికి తెలియదు, స్నేహితునికి తెలుస్తుంది. ఎడింబరోలో స్వదేశ సేవకుల మనోవేదన ఇదే. వారికి జీతము ఉంది, పని ఉంది. నిర్ణయము మాత్రము వేరే గదిలో జరుగుతుంది. ఈ రోజు ఆ గది తాళము మన చేతిలో ఉంది. సంఘపు లెక్కల పుస్తకము ఎవరికి కనబడుతుంది, స్థలము అమ్మకము సంగతి ఎవరికి ముందుగా తెలుస్తుంది అనే ప్రశ్నలు యోహాను 15:15కు సంబంధము లేనివని మేము అనుకోము. (స్నేహమనగా సంస్కృతములో నూనె అని, కాబట్టి అది అభిషేకమునకు సూచన అని ఎవరైనా ప్రసంగము కట్టబోతే, దయచేసి పైన బార్‌ను గూర్చి వ్రాసినది మరియొకసారి చదవవలెను.)

అజరయ్య మాటను మనము ఇంతవరకు తెల్లవారికి వ్యతిరేకముగానే ఉదాహరిస్తున్నాము. మిషన్ చరిత్ర వ్యాసములలో అది తప్పక వస్తుంది, చప్పట్లు కొట్టిస్తుంది. ఆ మాట మన ఇంటి గుమ్మము దగ్గర నిలబడితే ఎట్లుంటుందో ఒక సంగతి చెబుతాము. పేరు, ఊరు చెప్పము. మావద్ద చదువుకొని ఒక గ్రామ సంఘమునకు వెళ్ళిన యువ కాపరి నాలుగేళ్ళ తరువాత మమ్మును చూడవచ్చాడు. సంఘము తనను బాగా చూసుకొంటోందని చెప్పాడు. కోతలయ్యాక బియ్యపు బస్తాలు తెచ్చి వేస్తారు. బిడ్డకు జ్వరము వస్తే అర్ధరాత్రి ఆటో కట్టించి పట్నము పంపారు. కొంతసేపటికి, "అయ్యగారూ, నాలుగేళ్ళలో మా ఇంట్లో కూర్చొని అన్నము తిన్నవాళ్ళు ఒక్కరు లేరండి. ప్రార్థనకు వస్తారు, గుమ్మములోనే నిలబడి వెళ్ళిపోతారు" అన్నాడు. ఆ సంఘమువారిది ఒక కులము, అతనిది మరొకటి. ఊరి దృష్టిలో రెండూ వాడ కులములే.

అతని బాధ మమ్మును కదిలించింది. ఎడింబరో ప్రసంగమును అతనికి చదివి వినిపించాము. అతడు వెంటనే మాట్లాడలేదు. తరువాత చెప్పిన సంగతి మేము ఎదురుచూడనిది. చెరువు అవతల కొన్ని యానాది కుటుంబములు అతని పరిచర్య వలన బాప్తిస్మము పొందాయి. ప్రతి శుక్రవారము వెళ్తాడు. వాళ్ళు చాప వేసి, టీ కాచి, ఉన్న రోజున చేపల పులుసు అన్నము పెట్టబోతారు. "ఉపవాసమని చెప్పేవాడినండి" అన్నాడు. వాళ్ళకు వెళ్ళే రోజు శుక్రవారమే ఎందుకు పెట్టుకొన్నావని మేము అడుగలేదు.

ఈ సంగతిని చెప్పడములో మా ఉద్దేశము ఆ యువకుని నిందించడము కాదు. అతడు తనంతట తానే చెప్పాడు. మాలో ఎంతమందిమి అట్లు చెప్పగలమో తెలియదు. ఆ రెండు గుమ్మములు రెండూ దానము చేయుటకు తెరచియే ఉన్నాయి. బియ్యము ఇచ్చారు, అతడు ప్రార్థన ఇచ్చాడు. పుచ్చుకొనుట దగ్గర మాత్రమే తలుపు మూసుకొంది. ఒకని చేతి అన్నము తినుట అతడు నాతో సమానుడని నోటితో కాక కడుపుతో ఒప్పుకొనుట. అందుకే అంతియొకయలో పేతురు భోజనపు బల్ల నుండి లేచిపోయినప్పుడు పౌలు దానిని మర్యాదలోపముగా కాక సువార్త సత్యమునకు భంగముగా ఎంచాడు (గలతీ 2:11-14). కులమును గూర్చి మన సంఘములు చేసిన తీర్మానములకు కొదువ లేదు. బల్ల దగ్గరకు వచ్చేసరికి ఆ తీర్మానములు సెక్రటరీ బీరువాలో ఉంటాయి.

ఇక్కడ ఒక పెద్ద అభ్యంతరమును ఎదుర్కొనవలెను. ఎర్నెస్ట్ కేజెమన్ 1966లో యోహాను 17వ అధ్యాయముపై వ్రాసిన పుస్తకములో, యోహాను ప్రేమ సంఘము లోపలికే పరిమితమైనదని వాదించాడు. పొరుగువాడు, శత్రువు అనే మాటలు పోయి "సహోదరుడు" మిగిలాడని ఆయన ఆక్షేపణ. దీనిని తేలికగా త్రోసివేయలేము. పత్రికలు చీలిక తరువాత వ్రాయబడినవి. వెళ్ళిపోయినవారిని గూర్చి 1 యోహాను 2:19 మాట్లాడే తీరు కఠినముగా ఉంది. తప్పుడు బోధ తెచ్చువానిని ఇంటిలో చేర్చుకొనవద్దని 2 యోహాను 10 చెబుతోంది. మన నేలపై ఈ ప్రమాదము రెండింతలు. మిషన్ల కాలములో ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘములలో మాదిగలు, గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘములలో మాలలు అధికముగా చేరారు. 1878 జూలై 3న క్లౌ దొర మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనకు తెలుసు. అన్నము కొరకు వచ్చారన్న మాట రాకూడదని, కరువు సహాయము నడిచినంత కాలము ఆయన బాప్తిస్మములు ఆపాడు. ఇవ్వడము సంబంధమును పాడుచేయగలదని ఆయనకు తెలుసు. అయితే బంధువుల గుంపులుగా వచ్చిన సంఘములో "ఒకరినొకరు" అనగా "మనవాళ్ళు మనవాళ్ళను" అని అర్థము మారిపోవుటకు ఎక్కువ కాలము పట్టలేదు. మన డినామినేషన్ల సరిహద్దులు చాలాచోట్ల కులపు సరిహద్దులను అంటిపెట్టుకొనే నడిచాయి.

కేజెమన్‌కు పూర్తి సమాధానము మావద్ద ఉన్నదని చెప్పము. కాని రెండు విషయములు ఆయన తక్కువగా తూచాడని అనిపిస్తుంది. ఒకటి, 1 యోహాను 3:23లో ఆజ్ఞ ఏకవచనము. కుమారుని నామమును నమ్ముట, ఒకరినొకరు ప్రేమించుట అనే రెండు క్రియలు ఒకే హినా వాక్యములో, ఒకే ఆజ్ఞ క్రింద ఉన్నాయి. విశ్వాసము వేరు, ప్రేమ దాని ఫలము అని మనము వరుస కడతాము. ఫలము ఈ ఏడు రాకపోతే వచ్చే ఏటికి చూద్దామనే వెసులుబాటు అందులో ఉంది. ఈ వచనములో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి సహోదరుడు ఎవరో నిర్ణయించే హక్కు నాది కాదు; ఆ నామమును ఎవరు నమ్మితే వారే. చెరువు అవతలివాడు నమ్మాడు. అతడు "ఒకరినొకరు"లోని మొదటి "ఒకరు".

రెండవది మూడవ పత్రిక. మనము దానిపై ప్రసంగము చేయుట అరుదు. మా తరగతులలో కూడ దానికి ఒక గంట మించి దొరకదు. అందులో గాయు అనే మనుష్యుడు పరదేశులైన సహోదరులను చేర్చుకొన్నాడు (5వ వచనము). దియొత్రెఫే చేర్చుకొనలేదు, చేర్చుకొనేవారిని సంఘములోనుండి వెలివేశాడు (9, 10). సంఘములో ప్రముఖత్వము కోరుకొనుట అతని దోషముగా చెప్పబడింది. సిద్ధాంత దోషము ఏదియు అతనిపై మోపబడలేదు. అతని విశ్వాస ప్రమాణము సరిగానే ఉండియుండవచ్చు. ప్రేమ పరీక్ష ఇక్కడ సరిహద్దు దాటి వచ్చినవానిని ఇంటిలోనికి చేర్చుకొనుటలో జరిగింది, గీత లోపల ఉన్నవానికి ఇచ్చుటలో కాదు.

ఆ పత్రిక చివరి వచనమును గూర్చి ఒక మాట. అక్కడ వందనములు చెప్పువారు "సహోదరులు" కారు, "స్నేహితులు"; వందనములు అందుకొనువారు కూడ స్నేహితులే, అదియు ఒక్కొక్కరు పేరు పేరున. కత్ ఒనోమ అనే ఆ మాట సువార్త 10:3లో కాపరి తన గొఱ్ఱెలను పిలుచు సందర్భములో వచ్చినదే. ఆ యువ కాపరి మరల వచ్చినప్పుడు యానాది కుటుంబముల పేర్లు అడిగాము. తొమ్మిది చెప్పాడు. పదవ ఇంటి ముసలమ్మ పేరు తనకు తెలియదని, అందరితోపాటు తానూ అవ్వా అనే పిలుస్తానని, కనుక్కొని ఫోను చేస్తానని చెప్పాడు.